ఫీడు ఎక్కించినంత మాత్రాన డబ్బులు రావండీ: అఫిలియేట్ సైట్ల మీద అపోహలు, వాస్తవాలు

భీమవరంలో కూర్చుని అఫిలియేట్ సైట్లు కడతాను, అంటే వేరే దుకాణాల వస్తువులు చూపించి, మన లింకు మీద ఎవరైనా కొంటే కమీషన్ తీసుకునే సైట్లు. ఎక్కువగా వేరేవాళ్ళు కట్టి చెడగొట్టినవి బాగుచేస్తాను. దుకాణాలు తమ వస్తువుల జాబితాని ఫైలుగా ఇస్తాయి, అదే ఫీడు. దాన్ని చదివి వస్తువుకో పేజీ పెట్టే సాఫ్ట్‌వేరే స్క్రిప్టు. ఫోన్లు వస్తూనే ఉంటాయి, ప్రశ్న మాత్రం ఒకటే: "అన్నయ్యా, స్క్రిప్టు పెట్టాను, 40 వేల ప్రొడక్టులు ఎక్కేశాయి, సైటు బ్రహ్మాండంగా ఉంది. డబ్బులే రావట్లేదు. ఎక్కడో సెట్టింగ్ తప్పుంటుంది, ఓసారి చూడవా?"

చూశాను. చాలామందివి చూశాను. సెట్టింగ్ బాగానే ఉంటుంది. ఇబ్బందల్లా ఆ 40 వేలతోనే.

అపోహ: పేజీలు ఎన్ని ఎక్కువైతే డబ్బు అంత ఎక్కువ. స్క్రిప్టు దానంతటదే సంపాదించి పెడుతుంది.

వాస్తవం: ఆ ఫీడు, అంటే కామాలతో విడదీసిన ఆ సీఎస్వీ ఫైలు, మీ ఒక్కరికే ఇవ్వలేదు. ఆ దుకాణం అఫిలియేట్ ప్రోగ్రాములో చేరిన ప్రతివాడికీ అదే టైటిలు, అదే వివరణ, అదే ఫొటో, కామాలతో సహా వెళ్తుంది. ఆటోలో మైకు పెట్టుకుని పంచే కరపత్రంలాగా ఊరందరి చేతిలోనూ ఒకటే కాగితం. మీ స్క్రిప్టు చేసేదల్లా దాన్ని 40 వేల ముక్కలు చేసి మీ గోడకి అంటించడం. వస్తువు అమ్మే కంపెనీ సైటులోనే ఆ మాటలన్నీ ఉంటే గూగుల్ మీ గోడ ఎందుకు చూపించాలి?

పైగా ఆ 40 వేలు నిజంగా 40 వేల వస్తువులు కావు. బట్టల ఫీడు తీసుకోండి. ఒక చొక్కా 5 రంగుల్లో, 6 సైజుల్లో ఉంటే ఫీడులో 30 వరుసలు. ఒకే వస్తువు రకాలన్నిటికీ ఉమ్మడిగా ఉండే పేరెంట్ ఐడీనో, ఐటమ్ గ్రూప్ ఐడీనో చూసి వాటిని కలిపెయ్యమని స్క్రిప్టుకి చెప్పకపోతే ఒక్క చొక్కాకి 30 పేజీలు పుడతాయి. వాటి మీద రంగు ఫిల్టరు, ధర ఫిల్టరు, బ్రాండు ఫిల్టరు వేసే లింకులు వేరే. పేజీలు చదివే గూగుల్ బాట్ వచ్చి ఆ ఫిల్టర్లలోనే తిరిగి తిరిగి వెళ్ళిపోతుంది. "సైట్‌మ్యాప్ ఇస్తే సక్సెస్ అని వచ్చింది కదా" అంటారు. సైట్‌మ్యాప్ అంటే మీ పేజీల చిరునామాల జాబితా. ఒక ఫైల్లో 50,000 యూఆర్‌ఎల్‌ల దాకా పెట్టుకోవచ్చు, నిజమే. సక్సెస్ అంటే ఫైలు చదవగలిగాను అని. మీ పేజీలన్నీ ఇండెక్స్ చేస్తానని, అంటే వెతికితే చూపించే జాబితాలో చేరుస్తానని, గూగుల్ ఎవరికీ మాటివ్వలేదు.

ఇదేమీ నిన్న మొన్నటి సంగతి కాదు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ ర్యాంకుల లెక్క మార్చిన పాండా అప్‌డేట్ వచ్చినప్పుడే ఇలాంటి పల్చటి సైట్లు కుప్పకూలాయి. గూగుల్ స్పామ్ పాలసీల్లో 'థిన్ అఫిలియేషన్' అని పేరుపెట్టి మరీ రాసుంది: అమ్మేవాడి వివరణలూ రివ్యూలూ యథాతథంగా దించేసి సొంతంగా ఏమీ కలపని పేజీలని. 2024 మార్చిలో 'స్కేల్డ్ కంటెంట్ అబ్యూజ్' అని ఇంకోటి చేర్చారు. రాసింది మనిషా మెషీనా అన్న గొడవ దానికి లేదు, ర్యాంకుల కోసం కుప్పపోశావా అన్నదే చూస్తుంది. అందుకని "వివరణలన్నీ ఏఐలో వేసి తిప్పేస్తే యూనిక్ అయిపోతాయిగా" అనేవాళ్ళకి ఒకటే చెప్తాను: ఒకప్పుడు మాటలు తిప్పి రాసే స్పిన్నర్ సాఫ్ట్‌వేర్లతో చేసిందీ ఇదే పని, పట్టుబడిందీ ఇలాగే. దానికి తోడు ఏఐ లేని గుణాలు కల్పిస్తుంది. ఒక హెచ్‌పీ మోటారుని రెండు హెచ్‌పీ అని వర్ణించిన పేజీ నేను కళ్ళారా చూశాను. అది నమ్మి కొన్న రైతు ఎవర్ని తిట్టాలి?

ఆకివీడు వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. బీటెక్ చదివాడు, హైదరాబాద్ వెళ్ళి ఉద్యోగం కుదరక వెనక్కొచ్చాడు. వాళ్ళ నాన్నవి రొయ్యల చెరువులు. ఆ పంటకి కౌంటూ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) రాలేదు, రేటూ లేదు. అలాంటప్పుడు ఎవరో ఆదాయం స్క్రీన్‌షాట్లు చూపించి రెడీమేడ్ స్క్రిప్టు అంటగట్టారు. ఆటోపైలట్, లైఫ్‌టైమ్ అప్‌డేట్లు, డాలర్లలో ఆదాయం, మీరు నిద్రపోతున్నా సంపాదన, ఆ వరసే. నా దగ్గరికి వచ్చేసరికి సైటు నిండా అమెరికా దుకాణాల ఫీడు. వాటిలో ఒక్కటీ ఇండియాకి సరుకు పంపదు. వచ్చే నాలుగు క్లిక్కులూ మన జిల్లావే, వాటిలోనూ సగం వాడి స్నేహితులవి. కోడు తెరిస్తే ఒక ఫైలు చదవడానికి వీల్లేకుండా ఎన్‌కోడ్ చేసి ఉంది. విప్పి చూద్దును కదా, కొన్ని క్లిక్కుల్లో కమీషన్ ఎవరిదో చెప్పే అఫిలియేట్ ఐడీల్లో వీడిది తీసేసి అమ్మినవాడి ఐడీ పెట్టేస్తోంది. బేస్64 ముద్దలు, అంటే ఇలా ఎన్‌కోడ్ చేసిన అర్థంకాని అక్షరాల వరసలు, కనబడే స్క్రిప్టుని ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి, దణ్ణం పెడతాను.

కుర్రాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. "మీ నాన్నగారు రోజూ చెరువు గట్టు మీద ఏమేం కొలుస్తార్రా?" అని అడిగాను. సెలినిటీ, పీహెచ్, డీఓ అన్నాడు, అంటే నీళ్ళలో ఉప్పు, ఆమ్ల క్షార గుణం, కరిగిన ఆక్సిజన్. సరే, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరే తీసుకుందాం. ఫీడులో దాని గురించి ఉండేది '0-100 పీపీటీ, ఏటీసీ, హై క్వాలిటీ', అంతే. పీపీటీ అంటే వెయ్యి పాళ్ళలో ఉప్పు ఎన్ని పాళ్ళో, ఏటీసీ అంటే నీటి వేడిని బట్టి దానంతటదే సర్దుకోవడం. ఆ రకం స్కేలు మీద ఒక్కో గీత 1 పీపీటీ. సముద్రం వైపు, ఉప్పు బాగా ఉన్న చెరువుకి సరిపోతుంది. లోపలి ఊళ్ళలో 2, 3 పీపీటీ నీళ్ళలో వనామీ రొయ్య వేసినవాడికి ఆ గీతల్లో ఏం తేలుతుంది? అతనికి నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు చెప్పే కండక్టివిటీ మీటరు నయం. ఇక డీఓ మీటరు. ప్రోబు మెంబ్రేన్ పాడైతే విడిగా దొరుకుతుందా, కేబులు గట్టు మీంచి నీళ్ళలోకి అందుతుందా, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ ఆ చీకట్లో స్క్రీను మీద అంకెలు కనిపిస్తాయా? కొనేవాడు అడిగేవి ఇవి. ఇవేవీ ఏ ఫీడులోనూ ఉండవు, వాళ్ళింట్లో భోజనాల దగ్గర మాట్లాడుకుంటారు.

పాత పేజీలన్నీ, 'ఈ పేజీ ఇక లేదు' అని చెప్పే 410 కోడు ఇచ్చి తీసేశాం. మిగిలినవి కొన్ని వందలు, అన్నీ ఇండియాలో అమ్మేవి. ధర, స్టాకు, లింకు స్క్రిప్టు తెస్తుంది. పైన నాలుగు పేరాలు వాడు రాస్తాడు, తెలుగులోనే. తనకి తెలియని వస్తువుకి పేజీ ఉన్నా, గూగుల్‌ని చేర్చుకోవద్దని చెప్పే నోఇండెక్స్ పెట్టి ఉంచుతాడు. డబ్బులేమీ కురవలేదు లెండి. మొదట్లో నెట్ బిల్లుకి సరిపోయాయి, ఆ తర్వాత ఇంకాస్త. కానీ ఇప్పుడు వచ్చేవి కొందామని వచ్చినవాళ్ళ క్లిక్కులు. వాళ్ళ నాన్నగారు అప్పుడప్పుడూ ఫోన్లో ఆ పేజీలు చదివి తప్పులు పడతారట. అంతకన్నా మంచి ఎడిటర్ని నేను తేలేను.

అపోహ: గూగుల్ నా సైటుని బ్యాన్ చేసేసింది.

పాలకొల్లు నుంచి ఒకావిడ, పిల్లలు పడుకున్నాక సైటు పని చేసుకుంటారు, రాత్రి పన్నెండింటికి మెసేజ్ పెట్టారు: "సర్చ్ కన్సోల్‌లో వేలకి వేలు 'క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అని వస్తున్నాయండీ. పెనాల్టీ పడిందని అందరూ అంటున్నారు. డొమైన్ మార్చెయ్యనా?" అమ్మా, మార్చకండి. సర్చ్ కన్సోల్ అంటే సైటు ఓనర్లకి గూగుల్ రిపోర్టులు చూపించే చోటు. శిక్ష పడితే అక్కడే 'మాన్యువల్ యాక్షన్స్' (గూగుల్ మనుషులు చూసి వేసే శిక్షలు) అని వేరే పేజీ ఉంటుంది, అక్కడ పేరుతో సహా చెప్తారు. అక్కడ ఏమీ లేదంటే మాన్యువల్ యాక్షన్ లేనట్టే. మీకు కనిపించిన మాటకి అర్థం, గూగుల్ ఆ పేజీ చూసింది, ప్రస్తుతానికి పక్కనపెట్టింది అని. మొన్న పెట్టిన సైటుకి అది మామూలే. కంగారుపడి డొమైన్ మారిస్తే ఉన్న కాస్త పేరూ పోయి మళ్ళీ మొదటికొస్తుంది, అవే పేజీలు అక్కడా అలాగే పడుంటాయి. 'డూప్లికేట్ కంటెంట్ పెనాల్టీ' అనేది కూడా ఇలా నోటి మాటగా పెరిగిందే. ఒకే మాటలు పది సైట్లలో ఉంటే గూగుల్ ఒకటి ఎంచి చూపిస్తుంది, మిగతావి కనపడవు. దాన్ని జరిమానా అనుకుని నిద్ర పాడుచేసుకోవద్దు.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తాను.

"ఫీడుని ఎక్సెల్‌లో తెరిచి ఓసారి సర్ది సేవ్ చేస్తే ఏమవుతుంది?" చాలా అవుతుంది. మన కంపెనీల బార్‌కోడ్లు 890తో మొదలయ్యే 13 అంకెలు. ఎక్సెల్ వాటిని 8.90ఈ+12 అని కుదించేస్తుంది. సీఎస్వీగా సేవ్ చేశారంటే అసలు అంకెలు పోయినట్టే, వందల వస్తువులకి ఒకే కోడు. స్క్రిప్టు ఆ కోడునే గుర్తుగా వాడితే అవన్నీ ఒకటే అనుకుని ఒకదాని మీద ఇంకోటి రాసేస్తుంది. ఆఖరికి మిగిలేది ఒక్క షాంపూ సీసా. సర్దాలనుకుంటే స్క్రిప్టులోనే సర్దండి.

"సైటు ఆగిపోతోంది, పెద్ద హోస్టింగ్ కొనాలి." ఫీడు ఎక్స్‌ఎంఎల్ అనే రూపంలో వస్తే, ముందు ఆ ఫైలు మొత్తాన్ని సింపుల్ ఎక్స్‌ఎంఎల్ అనే టూలుతో ఒకేసారి మెమరీలోకి లాగుతున్నారేమో చూడండి. ఎక్స్‌ఎంఎల్ రీడర్ అనే టూలుతో ఒక్కో వస్తువూ చదివితే చిన్న హోస్టింగే చాలు. ఇంపోర్టుని బ్రౌజర్లో బటన్ నొక్కి నడపకండి, టైము ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో కమాండ్ లైన్ నుంచి నడపండి.

"అమెజాన్ ఫీడు 2 వేలకే ఇస్తున్నారు." అది ఎవరో సైటు నుంచి గీకి తెచ్చిన డేటా. అమెజాన్ ఏపీఐ ద్వారా, అంటే మీ స్క్రిప్టు నేరుగా అడిగి తెచ్చుకునే దారిలో ఇస్తుంది, అదీ మీ లింకుల మీద అమ్మకాలు పడ్డాకే. గీకిన డేటా పెడితే పోయేది అమ్మినవాడి అకౌంటు కాదు, మీది.

"ధర ఒకసారి ఎక్కిస్తే చాలు." అమెజాన్ ఏపీఐ నుంచి తెచ్చిన ధరని 24 గంటలు దాటి ఉంచకూడదు. గంటకోసారైనా రిఫ్రెష్ చెయ్యలేకపోతే ధర పక్కన తేదీ, టైము చూపించాలి. ఫొటోలు మీ సర్వర్లో దాచుకోకూడదు. వేరే నెట్‌వర్కుల ఫీడులకి ఇంత పట్టింపు లేకపోయినా, 900 అని చూపించి అక్కడికెళ్తే 1,400 ఉంటే మనిషి మళ్ళీ మీ సైటుకి రాడు. ఫీడులోంచి మాయమైన వస్తువుని కూడా ఆ రోజే తీసెయ్యండి.

"మా ఇంట్లో వాళ్ళచేత నా లింకు మీద కొనిపిస్తా." కొనిపించకండి. పట్టుకుంటారు.

"అఫిలియేట్ లింకు అని చెప్తే ఎవరూ కొనరు." చెప్పాలి. అమెజాన్ ఒప్పందమే చెప్పమంటుంది. మన దేశంలో వినియోగదారుల రక్షణ కింద 2022లో వచ్చిన మార్గదర్శకాలూ ప్రకటనకర్తతో మీకున్న సంబంధం దాచొద్దంటాయి. గూగుల్ కోసం లింకుకి 'స్పాన్సర్డ్' గుర్తు పెట్టండి, 2019 నుంచీ ఉంది. ఇన్నేళ్ళలో ఆ ఒక్క వాక్యం చూసి కొనడం మానేశారన్న ఫిర్యాదు నా దగ్గరికి రాలేదు.

"డాష్‌బోర్డులో కనిపించిన కమీషన్ వచ్చే నెల బ్యాంకులో పడుతుంది." పడదు. మన దగ్గర క్యాష్ ఆన్ డెలివరీ వెనక్కి వెళ్ళేవి ఎన్నో, రిటర్నులు ఎన్నో. అవన్నీ పోయాక మిగిలిందే మీది. అమెజాన్ అయితే నెల ముగిశాక దాదాపు 60 రోజులకి ఇస్తుంది. ఆ అంకె చూసుకుని నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఇంకో స్క్రిప్టు కొన్నవాళ్ళు నాకు తెలుసు. దయచేసి ఆ పని చెయ్యకండి. పాన్ మాత్రం మొదటి రోజే ఇచ్చేయండి, లేకపోతే టీడీఎస్ 20 శాతం కోస్తారు. పాన్ ఇచ్చాక కోసింది ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో మీ పాన్ మీద కనిపిస్తుంది. పన్ను పడేంత ఆదాయం లేకపోతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.