సౌదీలో ట్రేలర్ నడపడం: అపోహలు - వాస్తవాలు

దమ్మామ్ ఓడరేవు నుంచి రియాద్‌కు కంటైనర్ ట్రేలర్ నడిపి తిరిగి వచ్చినవాడిని కనుక, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ప్రయాణానికి సిద్ధమయ్యే డ్రైవర్లు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లలో తరచుగా కనిపించే కొన్ని నమ్మకాల గురించి రాస్తున్నాను.

అపోహ: ఇక్కడ ఇరవై ఏళ్లు లారీ నడిపినవాడికి అక్కడ కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ ఉండదు.

వాస్తవం: సౌదీలో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. తిన్నగా పోయే దారిలో ఇది నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. కష్టమంతా మలుపు దగ్గరే. మనకు ఇరుకు మలుపు ఎడమది, అక్కడ కుడిది. కుడికి తిప్పినప్పుడు ట్రేలర్ వెనుక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి. సరిగ్గా అప్పుడే కుడి అద్దం నిండా కంటైనర్ గోడ తప్ప మరేమీ కనిపించదు, ఎడమవైపు కూర్చున్న మనం తల బయటపెట్టి చూసే వీలూ ఉండదు. మొదటి నెలలోనే ఒక గోదాము గేటు దగ్గర నా బండి వెనుక చక్రం గట్టు ఎక్కి టైరు పక్కభాగం చీలిపోయింది. ఆ తరువాత అనుమానం ఉన్న ప్రతి మలుపు దగ్గరా బండి ఆపి, దిగి చూసుకున్నాకే తిప్పాను.

టైర్ల సంగతీ అంతే. దమ్మామ్-రియాద్ దారి సుమారు 400 కిలోమీటర్లు, మధ్యలో దహ్నా ఇసుక తిన్నెలు. జంట చక్రాల్లో లోపలి టైరుకు గాలి తగ్గినా బయటి టైరు బరువు మోస్తూ ఉంటుంది కాబట్టి ఆ లోపం కంటికి ఆనదు. తెల్లవారుజామున ఇనుపకడ్డీతో ఒక్కొక్క టైరునూ కొట్టి వినాలి: గాలి నిండినది కడ్డీని వెనక్కి ఎగరగొడుతుంది, తగ్గినది మెత్తగా, మొద్దుగా మోగుతుంది. ఆగస్టు ఎండలో ఆ మొద్దు టైరుతో బయలుదేరడం ప్రాణాలతో చెలగాటమే.

అపోహ: ఏ డ్రైవర్ వీసా అయినా ఒకటే, ముందు విమానం ఎక్కితే చాలు.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ నమ్మకమే. అకామాలో, అంటే సౌదీ నివాస అనుమతి కార్డులో, హౌస్ డ్రైవర్ అని ఉన్నవాడు ఇంటిపనివారి కోవలోకి వస్తాడు. సాధారణ కార్మిక చట్టం అతనికి వర్తించదు. 2021 మార్చి 14 నుంచి, ఏడాది పని చేసిన కార్మికుడు కఫీల్ (వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని) అనుమతి లేకుండానే వేరే యజమాని దగ్గరికి మారే వీలు వచ్చింది కానీ, అందులోనూ ఇంటి డ్రైవర్లను చేర్చలేదు. అలాంటి వీసా మీద వెళ్లి, ఎవరో చెప్పారని ట్రేలర్ ఎక్కితే, ప్రమాదం జరిగిన రోజున పరిస్థితి ఏమిటో ఆలోచించండి. ఆ తరగతి బండికి లైసెన్సు లేనివాడు నడిపాడని తేలితే, బాధితులకు చెల్లించిన సొమ్మును తిరిగి రాబట్టుకునే హక్కు బీమా కంపెనీకి ఉంటుంది. మనిషి చనిపోతే దియా, అంటే రక్తపరిహారం, లక్షల రియాళ్లలో ఉంటుంది. కాబట్టి వీసాలో వృత్తి ఏమని ఉందో ఊళ్లో ఉన్నప్పుడే చదివించుకోవాలి.

అపోహ: ట్రిప్పు డబ్బులు బాగా వస్తాయి కనుక మూల వేతనం ఎంతైనా ఫరవాలేదు.

వాస్తవం: ఓడరేవులో కంటైనర్ దొరక్క ఆగిపోయిన రోజులకు ట్రిప్పు డబ్బు రాదు. ఉద్యోగం చివర ఇచ్చే సేవాంత భత్యం మొదటి అయిదేళ్లకు ఏడాదికి అరనెల జీతం, ఆపై ఏడాదికి నెల జీతం చొప్పున లెక్కిస్తారు; ఒప్పందంలో జీతంగా కనిపించని డబ్బును ఆ లెక్కలోకి తేవడం చాలా కష్టం. ఏజెంటు నోటితో చెప్పిన అంకెను పక్కనపెట్టి, సౌదీ ప్రభుత్వ ఉద్యోగ ఒప్పందాల వెబ్‌సైటు కివా పోర్టల్‌లో నమోదైన ఒప్పందంలోని అంకెనే నమ్మాలి.

ఏజెంటు ఎంత అడిగితే అంత ఇవ్వాలన్నదీ అపోహే. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. అందుకు రసీదు అడిగి తీసుకోండి.