అత్తయ్య నింపిన ఆ ప్రశ్నల కాగితాలు

పిల్లలూ,

మొన్న మీరు అడిగినదానికి ఫోన్లో సరిగా జవాబు చెప్పలేకపోయాను. అత్తయ్య బాగానే నడుస్తోంది కదా, మరి ఆస్పత్రిలో అన్ని ప్రశ్నలు ఎందుకు నింపించారని కదూ మీ సందేహం?

ఆమెకున్న జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్. అందరూ ఎం.ఎస్. అంటారు. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరాలకు మైలిన్ అనే పొర ఉంటుంది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మెదడులో, వెన్నుపాములో, కంటి నరాల్లో ఆ పొరను దెబ్బతీస్తుంది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది.

జబ్బు ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి డాక్టర్లు ఇ.డి.ఎస్.ఎస్. అనే స్కేలు వాడతారు. జాన్ కర్ట్‌జ్‌కీ అనే అమెరికా న్యూరాలజిస్టు 1983లో దాన్ని ఇప్పటి రూపానికి తెచ్చారు. 0 అంటే పరీక్షలో ఏ లోపమూ కనబడలేదని, 10 అంటే ఆ జబ్బుతో మరణమని. 6 దగ్గరికి వచ్చేసరికి వంద మీటర్లు నడవడానికి చేతికర్ర కావాలి. పనికొచ్చే కొలతే, కాదనను. కానీ 4 దాటాక అది దాదాపు నడక చుట్టూనే తిరుగుతుంది. మధ్యాహ్నానికే ఒళ్లు తేలిపోయే నీరసం, నోటిదాకా వచ్చిన మాట గుర్తురాకపోవడం, రేపెలా ఉంటుందోనన్న దిగులు, వీటికి ఆ అంకెలో దక్కే చోటు చాలా తక్కువ. 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇదే తేలింది: డాక్టర్లు ఒంటి కదలికలకు పెద్దపీట వేస్తే, రోగులు మనసు బాగుండటం, ఒంట్లో ఓపిక ఉండటం ముఖ్యమన్నారు.

అందుకే రోగినే అడిగే పద్ధతులు వచ్చాయి. 1995లో వచ్చిన ఎం.ఎస్.క్యు.ఓ.ఎల్.-54లో 54 ప్రశ్నలు. అందులో 36 ఏ జబ్బువాళ్లనైనా అడిగేవి, 18 ఎం.ఎస్. వాళ్ల కోసమే చేర్చినవి. అత్తయ్య నింపింది 2001లో వచ్చిన ఎం.ఎస్.ఐ.ఎస్.-29. అందులో 20 ప్రశ్నలు ఒంటి గురించి, 9 మనసు గురించి. గత రెండు వారాల్లో ఫలానా ఇబ్బంది ఎంత ఉందో 1 నుంచి 5 వరకు గుర్తు పెట్టాలి.

నేను పక్కనే కూర్చున్నాను. అప్పటికప్పుడు అనుకుని బయటికి వెళ్లడం కష్టమైందా అన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆపేసింది. చాలాసేపు ఆలోచించి 4 చుట్టూ సున్నా చుట్టింది. ఆమె చెప్పమంటేనే రాస్తున్నాను. మూత్రం ఆపుకోలేనేమోనన్న టెన్షన్‌తో, బాత్రూమ్ ఎక్కడుందో తెలియని చోటికి వెళ్లడమే మానేసిందట. ఆ సంగతి అడిగితే తప్ప ఎవరికి తెలుస్తుంది? డాక్టరు ఆ 4 చూసి దాని గురించే మాట్లాడారు, అందుకు మందులున్నాయని చెప్పారు. నాకు ఆ క్షణంలో ఆ కాగితం మీద ఎంతో గౌరవం కలిగింది.

ఒకే స్కేలు అంకె ఉన్న ఇద్దరి జీవితాలు ఒకేలా ఉండవు. చక్రాల కుర్చీలో ఉండి కూడా తన బతుకు బాగుందనే మనిషి ఉంటారు, పరుగెత్తగలిగీ కుంగిపోయినవారూ ఉంటారు. వాళ్ల మాటే సాక్ష్యం.

వచ్చేసారి ఆ కాగితాలు నింపేటప్పుడు మీరూ ఉంటారుగా. అక్షరాలు మసగ్గా కనబడుతున్నాయంటే ప్రశ్నలు చదివి వినిపించండి. ఒకటా, నాలుగా అన్నది మాత్రం ఆమెనే చెప్పనివ్వండి. "నిన్న బాగానే ఉన్నావుగా అత్తయ్యా" అనకండి. అక్కడ అడిగేది రెండు వారాల సంగతి.

మీ తాతయ్య