పిల్లల పేరిట నగరం పెట్టే ఖర్చు, దానిపై ప్రజల తనిఖీ: అపోహలు - వాస్తవాలు

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది. అదే ఏడాది మా జిల్లా పల్లెల్లో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ, అంటే ఖర్చు లెక్కను జనం ముందే చదివి సరిచూడడం, జరిగినప్పుడు నేనూ ఒక వాలంటీరుగా తిరిగాను. ఒక ఊరి రచ్చబండ దగ్గర మస్టరు (కూలీల హాజరు పట్టీ) చదువుతూ ఉంటే, ఫలానా పేరుగల మనిషి బెంగళూరుకు వలసపోయి రెండేళ్లయిందని ఒక ముసలమ్మ లేచి చెప్పింది. ఆ రోజు నుంచి లెక్కను జనం ముందు చదివి వినిపించడమే నా వృత్తి అయింది. కొన్నేళ్లుగా అనంతపురం నగరంలో అంగన్‌వాడీ పిల్లల తల్లులకు, పాఠశాల కమిటీ సభ్యులకు, పొదుపు సంఘాల సమాఖ్యలకు బడ్జెట్ పుస్తకం చదవడం, ఖర్చును సరిచూసుకోవడం నేర్పుతున్నాను. మస్టరును బహిరంగంగా చదివించుకున్న జిల్లా ఇది. అయినా జిల్లా కేంద్రంలో మాత్రం పిల్లల పేరిట ఖర్చయ్యే సొమ్ము గురించి అడిగే అలవాటు ఇంకా కుదురుకోలేదు. ఎందుకు అడగరని నేను అడిగినప్పుడల్లా వినిపించే కారణాలు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు అపోహలే.

అపోహ: పిల్లల సంగతి రాష్ట్ర ప్రభుత్వం చూసుకుంటుంది, నగరపాలక సంస్థ పని రోడ్లు, మురికి కాలువలు మాత్రమే.

ఈ అపోహకు కాస్త ఆధారం ఉంది కనుకనే అది ఇంత బలంగా నాటుకుంది. రాజ్యాంగంలో పంచాయతీల పనులను చెప్పే 11వ షెడ్యూలులో స్త్రీ శిశు అభివృద్ధి పేరు విడిగా కనిపిస్తుంది. 74వ సవరణ ద్వారా 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన, పట్టణ సంస్థలకు సంబంధించిన 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో ఆ మాట లేదు. అంగన్‌వాడీలు స్త్రీ శిశు సంక్షేమ శాఖ చేతిలో ఉన్నాయి. మున్సిపల్ పాఠశాలల నిర్వహణ కూడా 2022లో పాఠశాల విద్యాశాఖకు మారింది. అయితే ఆ 18 అంశాలనే ఇంకొకసారి నిదానంగా చదివితే పార్కులు, ఆటస్థలాలు కనిపిస్తాయి. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, మురికివాడల అభివృద్ధి కనిపిస్తాయి. విద్యా సాంస్కృతిక అంశాలను ప్రోత్సహించడం, జనన మరణాల నమోదు కూడా కనిపిస్తాయి. బిడ్డ పుట్టినప్పుడు ఇచ్చే ధ్రువపత్రం మొదలుకొని ఆ బిడ్డ సాయంత్రం ఆడుకునే మైదానం వరకు నగరం బాధ్యత ఉన్నదన్నమాట. పేరు లేకపోవడం వల్ల వచ్చిన నష్టం ఏమిటంటే, పిల్లల కోసం చేసే ఖర్చు బడ్జెట్‌లో ఒక్కచోట ఉండదు; ఇంజనీరింగ్, ప్రజారోగ్యం, ఉద్యానాల పద్దుల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. కేంద్ర బడ్జెట్‌లో 2008-09 నుంచి పిల్లల కేటాయింపులను విడిగా చూపే పట్టిక ఉంది. మన రాష్ట్రం 2021-22లో మొదటిసారి పిల్లల బడ్జెట్‌ను ప్రకటించింది. నగరాల స్థాయిలో కూడా అటువంటి పట్టిక ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఒక్కచోట కనబడని ఖర్చును ఎవరూ అడగలేరు.

అపోహ: ఏటా ఆడిట్ జరుగుతూనే ఉంది, మళ్లీ ప్రజలు చూడవలసింది ఏముంది?

ఆడిట్ అవసరమే. స్థానిక సంస్థల లెక్కలను రాష్ట్ర ఆడిట్ శాఖ తనిఖీ చేస్తుంది, అభ్యంతరాలు రాస్తుంది, ఆ అభ్యంతరాలకు జవాబు చెప్పవలసిన బాధ్యత అధికారులపై ఉంటుంది. అయితే ఆడిటర్ ముందుండేది ఓచరు, బిల్లు, స్టాకు రిజిస్టరు. ఆ మూడూ సరిపోతే ఆయన పని పూర్తయినట్లే.

నగరంలో ఒక అంగన్‌వాడీ కేంద్రంలో మేము తల్లులతో కలిసి చేసిన పరిశీలన చెబుతాను. పిల్లల బరువు తూచడానికి వేలాడదీసే తూకం కొన్నట్లు బిల్లు ఉంది, స్టాకులో నమోదు ఉంది, కేంద్రానికి చేరినట్లు సంతకం ఉంది. తూకం కూడా అక్కడే ఉంది. గోనెసంచిలో చుట్టి, బియ్యం డబ్బా వెనుక పెట్టి ఉంది. అది వేలాడదీసే తూకం, అద్దె గది పైకప్పు నున్నటి స్లాబు, కొక్కెం లేదు. కొక్కెం కోసం స్లాబుకు రంధ్రం వేయడానికి ఇంటి యజమాని ఒప్పుకోలేదు. అందువల్ల రిజిస్టరులో ప్రతి బిడ్డ బరువూ నెలనెలా ఒక పావుకిలో చొప్పున పెరుగుతూ పోయింది. కొలిచి రాసిన బరువు కాదది, కంటితో చూసి వేసిన అంచనా. ఎదుగుదల పటంలో ఆ చుక్కలను కలిపి చూస్తే, ఏ బిడ్డ గీత కూడా ఎక్కడా కిందికి దిగలేదు. జ్వరం వచ్చి చిక్కిపోయిన పిల్లవాడి గీత కూడా దిగలేదు, ఆ సంగతి పట్టుకున్నది వాడి తల్లి. ఏ ఆడిట్ అభ్యంతరానికీ ఇది అందదు, ఎందుకంటే కాగితం మీద ఒక్క రూపాయి తేడా లేదు.

సరిగ్గా ఇక్కడే ప్రజల తనిఖీ మొదలవుతుంది. కాగితాన్ని తీసుకొని బిడ్డ దగ్గరకు వెళ్లి, ఈ ఖర్చు నీదాకా వచ్చిందా అని చూడడమే ఆ పని.

అపోహ: లెక్క అడిగితే కార్యకర్తలను అనుమానించినట్లే.

పై కేంద్రంలోని కార్యకర్త కొక్కెం సంగతి గురించి తన పై అధికారికి రాసిన ఉత్తరం ఫైలులోనే ఉంది, దానికి జవాబు రాలేదు. తల్లుల సమావేశంలో ఆ ఉత్తరాన్ని చదివి వినిపించినప్పుడు ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. తనను నిలదీస్తారని భయపడిన మనిషికి, తను నెలల తరబడి మోసిన ఇబ్బందిని పదిమంది వినడం పెద్ద ఊరటగా అనిపించింది. వెల్డింగ్ పని చేసే ఒక తండ్రి వారంలోపు మూడు కాళ్ల ఇనుప స్టాండు చేసి ఇచ్చాడు. దాన్ని కూడా విరాళంగా స్టాకు రిజిస్టరులో రాయించాము. అది లెక్కలో లేకపోతే రేపు ఆ కేంద్రం ఇల్లు మారినప్పుడు స్టాండు కనబడకుండా పోతుంది.

తప్పు చేసినవారు కూడా దొరుకుతారు, అది కాదనను. కానీ నా అనుభవంలో దొరికే తప్పుల్లో ఎక్కువ భాగం జేబులోకి పోయిన సొమ్ము కాదు, ఎవరూ అడగనందువల్ల నిలిచిపోయిన పని.

అపోహ: సామాజిక తనిఖీ చట్టం పల్లెలకే, పట్టణాలకు వర్తించదు.

2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ గురించే చెప్పిన మాట నిజం. కానీ 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం 28వ సెక్షన్ ప్రకారం చౌకధరల దుకాణాలతో పాటు ఇతర సంక్షేమ పథకాలపై కూడా స్థానిక సంస్థలు గానీ, రాష్ట్ర ప్రభుత్వం అధికారమిచ్చిన ఇతర సంస్థలు గానీ ఎప్పటికప్పుడు సామాజిక తనిఖీ జరిపించి ఫలితాలను ప్రకటించాలి. ఆ చట్టం దృష్టిలో మున్సిపాలిటీ కూడా స్థానిక సంస్థే. అంగన్‌వాడీ ఆహారం, బడి భోజనం రెండూ ఆ చట్టం కిందికే వస్తాయి. ఇక విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడికి వచ్చే గ్రాంటు వినియోగాన్ని పరిశీలించడం ఆ కమిటీ విధుల్లో ఒకటి. ఈ సంగతి తెలియక సంతకాలు పెట్టి వచ్చేస్తున్న తల్లులను ఎందరినో చూశాను.

అపోహ: బడ్జెట్ లెక్కలు మామూలు మనుషులకు అర్థం కావు.

చీటీపాట లెక్క తప్పకుండా నడిపే ఆడవాళ్లకు ఇది అర్థం కాదనడం అన్యాయం. బడ్జెట్ పుస్తకంలో ముందుగా చూడవలసినవి మూడే గడులు: గత ఏడాది నిజంగా అయిన ఖర్చు, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. ఆటస్థలాల పద్దులో అంచనా ఏటా పెద్దదిగా ఉండి, ఖర్చు గడిలో సున్నా గానీ చిల్లర మొత్తం గానీ ఉంటే, ఆ కేటాయింపు కాగితానికే పరిమితమైందని అర్థం. దాన్ని పొదుపు అని మెచ్చుకోకూడదు, మార్చి 31 దాటితే ఆ ఏడాది పిల్లలకు అందవలసింది అందకుండానే పోయినట్లు. మరోవైపు అధికారులు చెప్పే ఇబ్బందుల్లో నిజమైనవీ ఉంటాయి. ఉదాహరణకు 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షలలోపు జనాభా గల నగరాలకిచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది, అలా ముడిపడిన సొమ్మును తీసి ఆటస్థలానికి పెట్టమని అడగడం తగదు. అయితే అదే సొమ్ముతో పిల్లలు చేరే చోట్ల నీరు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయమని అడగవచ్చు.

పుస్తకం ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. నగరపాలక సంస్థకు రుసుము పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అది కూడా లేదు, జవాబుకు గడువు 30 రోజులు. ఫైలును, పనిని స్వయంగా చూసే హక్కు కూడా అదే చట్టం 2వ సెక్షన్‌లో ఉంది. కాపీలు అడగడం కన్నా కూర్చొని ఫైలు చూడడమే మేలని నేను ఎప్పుడూ చెబుతాను, ఎందుకంటే మీరు అడగాలని అనుకోని కాగితం కూడా ఆ ఫైలులోనే ఉంటుంది.

అపోహ: పిల్లలకంటూ ఒక ప్రత్యేక నిధి పెడితే అన్నీ సర్దుకుంటాయి.

మీ ఇంటిపన్ను డిమాండు నోటీసు తీసి చూడండి, అందులో గ్రంథాలయ పన్ను ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలవుతున్న ఈ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. బాలల విభాగాలు, అక్కడికి వచ్చే పుస్తకాలు, పత్రికలు దానిమీదే ఆధారపడి ఉన్నాయి. అంటే ప్రత్యేక నిధి మనకు కొత్త కాదు. పన్ను కట్టినవారిలో ఎంతమంది, వసూలైనదెంత, జమ చేసినదెంత అని ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి అడిగారు?

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగర ఓటర్లు 1991లో ఆస్తిపన్నులో కొంత భాగాన్ని పిల్లల సేవలకే కేటాయించేలా తీర్మానించారు, 2014లో దాన్ని మరో 25 ఏళ్లు పొడిగించారు. పొడిగించినప్పుడు నిధితో పాటు 11 మంది సభ్యులతో ఒక పర్యవేక్షణ సంఘాన్ని కూడా ఏర్పరిచారు. నిధి, దాన్ని చూసే కన్ను రెండూ కలిసి ఉండాలని వారికి తోచింది. మన గ్రంథాలయ పన్ను విషయంలో మనకు కొరవడింది ఆ రెండోదే.

అపోహ: ఇది పెద్దల వ్యవహారం, పిల్లలను అడిగి ప్రయోజనం లేదు.

భారతదేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయానికి విలువ ఇవ్వాలని చెబుతుంది. ఒక డివిజన్‌లో ఉన్న చిన్న పార్కు మరమ్మతుల అంచనాను ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల ముందు పెట్టి చదివాము. అందులో ప్రహరీకి రంగులు, ముఖద్వారం, కూర్చునే బల్లలు ఉన్నాయి. పిల్లలు పార్కు పటం గీసి, సాయంత్రం ఆరు తరువాత తాము ఎందుకు వెళ్లమో చూపించారు: వెనుకవైపు దీపం లేదు, మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ లేదు. అంచనాలో ఈ రెండూ లేవు. ముఖద్వారం ఖర్చు తగ్గించి వీటిని చేర్చాలని కోరుతూ ఆ పటాన్ని జతపరిచి అర్జీ ఇచ్చాము. సవరించిన అంచనా కాపీ కోసం పెట్టిన దరఖాస్తుకు ఇంకా పద్దెనిమిది రోజుల గడువు ఉంది. ఆ తేదీని పిల్లలు తమ తరగతి గది గోడమీద రాసుకున్నారు.