పాత గిటారులో ఏది బాగుచేయాలి, ఏది ముట్టుకోకూడదు

మూడేళ్ల కిందట, మంచు కరిగాక వచ్చిన మొదటి శనివారం, మా వీధి చివరింట్లో గరాజ్ సేల్ పెట్టారు. మాది షికాగో శివారు. కాఫీ మేకర్లు, పిల్లల సైకిళ్లు, ఎవరూ కొనని డీవీడీలు, వాటి వెనక గోడకి ఆనించి ఒక ఎర్ర గిటారు. రెండు తీగలు లేవు, వాల్యూం నాబ్ ఊడిపోయి ఇనప కాడ మాత్రం మిగిలింది, పికప్ (తీగల కంపనాన్ని కరెంటుగా మార్చే భాగం) మీది బంగారు రంగు రేకు నల్లబడింది. 1960ల్లో జపాన్ నుంచి ఓడల్లో వచ్చిన రకం. 35 డాలర్లన్నాడు పెద్దాయన, నేను నోరు తెరిచేలోపే 30కి దిగాడు. ఇంటికి తెస్తే మా ఆవిడ దాన్ని చూసి, "ఉన్నవాటిని వాయించడం అయిపోయిందా?" అంది. అప్పటికి ఇంట్లో నాలుగున్నాయి.

దాన్ని బాగుచేస్తూ బాగుచేస్తూ నేనే కొంత చెడగొట్టాను. ఆ సంగతి తర్వాత చెప్తా. ముందు బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం, వాయించేవాళ్లకి ఇలాంటి చౌక సరుకు మీద ఇంత మోజు ఎందుకో చెప్పాలి.

బ్లూస్ పెరిగిందే చౌక వాయిద్యాల మీద. మిసిసిపీ డెల్టా పత్తి పొలాల దగ్గర నల్లజాతి కుటుంబాల పిల్లలు చీపురుకట్టకి చుట్టిన తీగ విప్పి, ఇంటి గోడకి మేకులతో బిగించి, దాని కింద ఒక సీసా దూర్చి, ఇంకో సీసాని తీగ మీద జరుపుతూ వాయించేవాళ్లు. దాన్ని డిడ్లీ బో అంటారు. ఆ పై మెట్టు సియర్స్ రోబక్ కేటలాగు, డబ్బు పంపితే గిటారు ఇంటికొచ్చేది. పేరుమోసిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ మొదటి గిటారు సెకండ్ హ్యాండ్ స్టెల్లా, ఖరీదు రెండున్నర డాలర్లు. ఇంట్లో మిగిలిన గుర్రాన్ని అమ్మిన డబ్బులో తన వాటాతో కొనుక్కున్నాడు. 1943లో ఆయన షికాగో వచ్చేనాటికి చౌక గిటార్లకి ఈ ఊరే పుట్టిల్లు. హార్మనీ, కే, వాల్కో అన్నీ ఇక్కడివే. హార్మనీని సియర్స్ 1916లోనే కొనేసింది. 1971లో హౌండ్ డాగ్ టేలర్ అనే బ్లూస్ గిటారిస్టు పాట రికార్డు చెయ్యడం కోసమే బ్రూస్ ఇగ్లావర్ అనే కుర్రాడు ఆలిగేటర్ రికార్డ్స్ కంపెనీ మొదలుపెట్టాడు. ఆ టేలర్ చేతిలో ఉండేది జపాన్ టీస్కో, నా ఎర్ర గిటారుకి అన్నలాంటిది. ఆయన బ్యాండులో రెండు గిటార్లు, ఒక డ్రమ్ సెట్టు, అంతే. బేస్ గిటారు కూడా లేదు.

ఇన్నేళ్లలో నాకు అర్థమైందేమిటంటే, చౌక గిటారు లోపాలు రెండు రకాలు. ఒకటి చేతికి తగిలేవి, రెండోది చెవికి తగిలేవి. మొదటి రకాన్ని మొహమాటం లేకుండా సరిచేసెయ్యాలి. రెండో రకం జోలికి వెళ్లేముందు కనీసం నెల్లాళ్లు ఆగాలి, ఎందుకంటే మనం లోపం అనుకుంటున్నదే ఆ గిటారు గొంతు కావచ్చు.

చేతి సంగతి ముందు. గిటారు కొనేటప్పుడు నేను దాన్ని ఆంప్‌కి, అంటే ఆంప్లిఫయర్‌కి, తగిలించడానికి తొందరపడను. కర్ర వంకర చూసే వడ్రంగిలా ఒక కన్ను మూసి నెక్ (గిటారు మెడ) అంచు వెంట చూస్తాను. తర్వాత లావు తీగని మొదటి ఫ్రెట్ (వీణ మెట్టులాంటి లోహపు కడ్డీ) దగ్గర ఒక చేత్తో, నెక్ వెళ్లి బాడీలో కలిసే చోట ఇంకో చేత్తో ఒకేసారి నొక్కుతాను. బిగిసిన తీగకన్నా తిన్నని స్కేలు ఇంకేం కావాలి? ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు మందం, అంటే 0.3 మిల్లీమీటర్లు, సందు ఉంటే బంగారం. వేలు దూరేంత ఉంటే నెక్ విల్లులా వంగిందన్నమాట. వంగడంలో దాని తప్పేం లేదు. మామూలు 10 నంబరు తీగల సెట్టు శ్రుతిలో ఉన్నప్పుడు ఆరు తీగలూ కలిసి దాదాపు 46 కిలోల బలంతో లాగుతుంటాయి, అరవై ఏళ్లు పగలూ రాత్రీ ఆ లాగుడు పడితే ఏ కర్రయినా లొంగుతుంది. ఖరీదైన గిటార్లలో దీనికి ఎదురు లాగడానికి ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది, దాని మర బిగిస్తే నెక్ మళ్లీ తిన్నగా అవుతుంది. పాత హార్మనీల తల మీద ఉక్కుతో బలపరిచిన నెక్ అని గొప్పగా అచ్చువేసి ఉంటుంది కానీ, ఆ ఉక్కు లోపల ఊరికే పడి ఉంటుంది, తిప్పడానికి మర ఉండదు.

ఇక నట్. తీగలు తల వైపు నుంచి దిగేచోట ఆరు గాడులతో ఉండే చిన్న ముక్క అది. ఫ్యాక్టరీలో గాడులు లోతుగా కొయ్యాలంటే టైం పడుతుంది, చౌక గిటారుకి అంత టైం ఎవరు పెడతారు, అందుకని తీగలు ఎత్తుగా కూర్చుంటాయి. 648 మిల్లీమీటర్ల తీగ మీద మొదటి ఫ్రెట్ నట్ నుంచి 36.4 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అంత దగ్గర, ఎత్తుగా ఉన్న తీగని కిందికి నొక్కితే అది సాగుతుంది, సాగితే బిగువు పెరుగుతుంది, స్వరం పైకి పోతుంది. ట్యూనర్ (శ్రుతి చూపించే మీటరు) మీద ఖాళీ తీగకి పచ్చ లైటు వెలుగుతుంది, మొదటి ఫ్రెట్ నొక్కగానే ముల్లు కుడికి పారిపోతుంది. చాలామంది ఇక్కడే విసిగిపోయి ఈ గిటారుకి శ్రుతి నిలవదని అమ్మేస్తారు, నాలాంటివాళ్లు కొనుక్కుంటారు. సన్నటి ఆకురాయితో గాడిని కొద్దికొద్దిగా దింపడమే మందు. మూడో ఫ్రెట్ నొక్కి పట్టుకుంటే మొదటి ఫ్రెట్ మీద కాగితం దూరేంత సందు మిగిలితే ఆపెయ్యాలి. ఒక్క తోపు ఎక్కువైతే నట్ చెత్తబుట్టకే. నేను మూడు పాడుచేశాను.

ఇక్కడి చలికాలం ఇంకో ముచ్చట చూపిస్తుంది. ఇంట్లో హీటర్ నడిచి గాలి ఎండిపోతే ఫ్రెట్‌బోర్డు కర్ర అడ్డంగా కుంచించుకుపోతుంది, ఫ్రెట్ల లోహం మాత్రం కుంచించుకోదు. నెక్ మీద చెయ్యి జరిపితే అంచుల్లో ఫ్రెట్ కొనలు ముళ్లలా గీరుకుంటాయి. జనవరిలో తిట్టుకుంటూ కొన్న గిటారు జులైలో తనంతట తానే బాగవుతుంది. అందుకని కొన్న వారంలోనే ఆకురాయి పట్టుకోకండి.

ఈ మిల్లీమీటర్ల గొడవ బ్లూస్ వాయించేవాళ్లకి మరీ ఎందుకంటే, వాళ్లు ఫ్రెట్ చెప్పిన స్వరం దగ్గర ఆగరు. మన లెక్కలో సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఉండే గాంధారం వాళ్లకి ప్రాణం, దాన్నే బ్లూ నోట్ అంటారు. పియానోలో దానికి మెట్టు లేదు. గిటారులోనూ లేదు కానీ తీగని పక్కకి లాగితే దొరుకుతుంది. మా అమ్మమ్మగారింట్లో బొబ్బిలి వీణ ఉండేది, ఆవిడ మెట్టు మీద వేలు కదపకుండా తీగ లాగి పై స్వరానికి వెళ్లడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. అదే పని. మన పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండలిన్ వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు, జంట తీగల్ని రెండిటినీ సమంగా లాగి గమకం పలికించడం ఎంత కష్టమో ప్రయత్నిస్తే తెలుస్తుంది.

తీగ స్వరం దాని బిగువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అంటే స్వరం కొంచెం పెంచాలన్నా బిగువు దానికి రెట్టింపు శాతం పెంచాలి. పూర్తి స్వరం పైకి లాగితే పౌనఃపున్యం పెరిగేది 12 శాతం, బిగువు మాత్రం 26 శాతం. ఏడున్నర కిలోల బిగువున్న మూడో తీగ ఆ క్షణంలో తొమ్మిదిన్నర కిలోలవుతుంది, వదిలెయ్యగానే వెనక్కి రావాలి. నట్ గాడి ఇరుగ్గా ఉంటే అక్కడ పట్టుకుపోయి పూర్తిగా తిరిగిరాదు, శ్రుతి పోతుంది. పెన్సిల్ ములికి చెక్కి ఆ గ్రాఫైట్ పొడి గాడిలో రాస్తే చాలావరకు తీరుతుంది. గిటారుకి నేను చేసిన మార్పులన్నిటిలో ఖర్చుకి తగ్గ ఫలితం దీనికే మొదటి బహుమతి.

మరి నెక్ బాగా వంగిపోయి, తిప్పడానికి మర కూడా లేని గిటారు సంగతి? స్లైడ్‌కి పెట్టుకోవడమే. వేలికి గాజు గొట్టమో ఇనప గొట్టమో తొడుక్కుని తీగ మీద జరుపుతుంటే ఫ్రెట్లు ఉన్నా లేనట్టే, తీగలు ఎత్తుగా ఉంటేనే గొట్టం ఫ్రెట్లకి కొట్టుకోకుండా ఉంటుంది. పైగా స్లైడ్‌కి ఎక్కువమంది ఓపెన్ డి, ఓపెన్ జి శ్రుతులు పెడతారు, వాటిలో కొన్ని తీగలు వదులవుతాయి, పాపం ఆ ముసలి నెక్ మీద బరువూ తగ్గుతుంది.

చెవి దగ్గరికి వస్తే మొత్తం కథ పికప్‌లో ఉంది. అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిందే. మామూలు సింగిల్ కాయిల్ పికప్‌లో వెంట్రుకంత సన్నటి తీగ, 0.063 మిల్లీమీటర్లది, సుమారు 8,000 చుట్లు ఉంటుంది. మల్టీమీటర్ పెడితే ఆరు కిలో ఓమ్‌లు చూపిస్తుంది. ఆ తీగ మీటరుకి దాదాపు ఐదున్నర ఓమ్‌లు కాబట్టి, అగ్గిపెట్టె కన్నా కొంచెం పొడుగున్న ఆ డబ్బాలో కిలోమీటరు పైచిలుకు రాగి ఉందన్నమాట! మీటరు ఏమీ చూపించకపోతే ఎక్కడో తెగింది, చాలాసార్లు తెగేది బయటి కొన దగ్గరే, భూతద్దం ఉంటే టంకం పెట్టుకోవచ్చు.

ఈ చుట్టకి ఒక అనునాద స్థానం, అంటే అది అన్నిటికన్నా గట్టిగా పలికించే పౌనఃపున్యం, ఉంటుంది. చుట్ట ఇండక్టెన్స్, ఆంప్‌కి వెళ్లే వైరు కెపాసిటెన్స్ రెండూ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. వైరు మీటరుకి సుమారు 100 పికోఫారడ్లు అనుకుంటే ఆరు మీటర్ల వైరుతో ఆ శిఖరం 4,000 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, మూడు మీటర్లదైతే 6,000 దాకా వెళ్లి గొంతు పదునెక్కుతుంది. గిటారు గొంతు మరీ కీచుగా ఉందని వందల డాలర్లు పెట్టి కొత్త పికప్ వేసుకునేవాళ్లు ముందు పొడుగు వైరు పెట్టి చూడొచ్చు కదా. అలాగే టోన్ నాబ్ దగ్గరి కండెన్సర్. అరవై ఏళ్ల నాటి కాగితం కండెన్సర్లని వేలంలో కొనేవాళ్లున్నారు. విలువ 0.022 మైక్రోఫారడ్లయితే అర డాలరుదీ అదే పని చేస్తుంది, నేనైతే ఇందులో వాదనకి కూడా దిగను.

ఇప్పుడు నా తప్పు. ఎర్ర గిటారు పికప్ మీద స్క్రూడ్రైవర్‌తో తడితే ఆంప్‌లో టక్‌మని వినిపించేది. దగ్గరికెళ్లి మాట్లాడితే నా గొంతు కూడా సన్నగా వచ్చేది. లోపలి చుట్లు వదులుగా ఉండి అవి కూడా కంపిస్తుండటం వల్ల అలా అవుతుంది. ఆంప్ గట్టిగా పెడితే కూత మొదలవుతుంది. దీనికి అందరూ చెప్పే మందు, పారఫిన్‌లో కొంచెం తేనెమైనం కలిపి, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి 65 డిగ్రీల దగ్గర కరిగించి, పికప్‌ని అందులో ముంచడం. మైనం చుట్ల మధ్యకి వెళ్లి గట్టిపడుతుంది. వీణ మెట్ల కింద మైనం చూసి పెరిగినవాణ్ణి, మైనం అంటే నాకు భయమేంటి, ఆదివారం మధ్యాహ్నం ముంచేశాను.

కూత పోయింది. దాంతోపాటు ఇంకేదో పోయింది. ఇదివరకు బొటనవేలు బాడీకి తగిలినా, పిక్ తీగని గీరినా, ఆ చిన్న చిన్న చప్పుళ్లన్నీ స్వరంలో కలిసి ఎవరో పక్కన కూర్చుని వాయిస్తున్నట్టుండేది. ఇప్పుడు మర్యాదగా, దూరంగా వినిపిస్తోంది. నా చెవి భ్రమ కూడా కావచ్చు, ముంచకముందు రికార్డు చేసి పెట్టుకోలేదు, అది ఇంకో తప్పు. రై కూడర్ అనే అమెరికన్ గిటారిస్టు తన స్ట్రాటోకాస్టర్ గిటారులో టీస్కో రేకు పికప్ బిగించుకున్నాక ఇలాంటి వాటికి గిరాకీ లేచింది, ఇప్పుడు కొత్తగా తయారుచేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం 30 డాలర్లకి దొరికిన అసలుదాన్ని మైనంలో ముంచాను.

పాత ఆంప్‌లు కొనేవాళ్లకి ఒక్క మాట, ఇది సరదాకి చెప్పట్లేదు. 1950, 60ల నాటి చౌక వాల్వ్ ఆంప్‌లు కొన్నిటిలో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, గోడ కరెంటు నేరుగా లోపలికి వెళ్తుంది, ప్లగ్ తిరగేసి పెడితే గిటారు తీగల దాకా కరెంటు రావచ్చు. గోడ కరెంటు నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వాటిని ముట్టుకోకండి. ప్లగ్ పీకేశాక కూడా లోపలి కండెన్సర్లలో వందల వోల్టులు మిగిలి ఉంటాయి. గిటారు విప్పడం నేర్చుకోవచ్చు, ఆంప్ విప్పడం మాత్రం తెలిసినవాళ్లకి వదిలెయ్యండి.

పోయిన నెల ఇంకో టీస్కో దొరికింది, బాడీ రెండు ముక్కలు, నాకు కావలసింది పికప్ మాత్రమే. మీటరు పెడితే ఏమీ చూపించలేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక వంటింటి లైటు కింద భూతద్దంతో వెతికితే బయటి కొన దగ్గర తెగి ఉంది. ఊపిరి బిగబట్టి టంకం పెట్టాను, 5.8 కిలో ఓమ్‌లు. ఎర్ర గిటారులో బిగించి స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టాను. ఆంప్‌లో టక్‌మంది. మైనం గిన్నె మా ఆవిడ ఎక్కడ దాచిందో నేను అడగలేదు.