బెన్ నెవిస్: సన్నని గట్టు, దట్టమైన మబ్బు, 231 డిగ్రీలు

స్కాట్లండ్ హైలాండ్స్‌లోని బెన్ నెవిస్ ఎత్తు 1345 మీటర్లే అయినా, బ్రిటన్‌లో అంతకు మించిన కొండ లేదు. పైకి జనం వెళ్లే మామూలు బాట ఒకటి ఉంది. అసలు అందం మాత్రం పక్కనున్న కార్న్ మోర్ జెరగ్ (1220 మీటర్లు) ఎక్కి, రెంటినీ కలిపే రిడ్జ్ మీదుగా వెళ్లడంలోనే ఉంది. మంచుయుగంలో హిమానీనదాలు రెండు పక్కల నుంచీ తొలిచేయగా మధ్యలో మిగిలిన రాతిగట్టు ఇది. కొన్నిచోట్ల చేతులు కూడా ఆనించాలి. రాయి పొడిగా ఉంటే అంత కష్టమేం కాదు. కష్టమంతా గాలితోనే.

కొండ అడ్డు రాగానే గాలి పైకి ఎగదన్ని, గట్టు దాటేచోట వేగం పుంజుకుంటుంది. వేగం రెట్టింపైతే ఒంటి మీద పడే తోపు నాలుగు రెట్లు. అందుకే లోయలో చెట్లను చూసి బయల్దేరకూడదు. శిఖరం ఎత్తుకు ఇచ్చిన గాలి సూచన చూడాలి. ఎదురుగాలి కన్నా, పక్కగాలికి ఒరిగి నడుస్తుండగా అది ఒక్కసారిగా ఆగిపోవడం ఎక్కువ ప్రమాదం.

ఎంత సమయం పడుతుందో అంచనాకు 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన లెక్క ఉంది: 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. కొండ కిందున్న టోర్లండీ ఊరి నుంచి ఈ దారి సుమారు 17 కిలోమీటర్లు, ఎక్కుడు 1500 మీటర్లు. అంటే ఆరు గంటలు. కానీ ఆ ఎక్కుడులో చివరి 290 మీటర్లు రిడ్జ్ దాటాక బండరాళ్ల మీద ఎక్కాలి. పది గంటలు పెట్టుకోవడమే మంచిది. డిసెంబరు చివర్లో ఇక్కడ పగలు ఏడు గంటలైనా ఉండదు.

చలికాలంలో నైరుతి గాలి మోసుకొచ్చే హిమం ఈశాన్యపు కొండచరియల అంచున చూరులా బయటికి పెరుగుతుంది. పైనుంచి నేలలాగే కనిపిస్తుంది. విరిగేటప్పుడు రాతి అంచు దగ్గర కాకుండా, చాలా ఇవతల, మనిషి అడుగుల వెనక చీలవచ్చు.

శిఖరం ఏడాదిలో ఎక్కువ రోజులు మబ్బులోనే. 1883 నుంచి 1904 దాకా అక్కడ వాతావరణ పరిశీలనశాల నడిచింది. 1894లో అక్కడ పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్, మబ్బు మీద ఎండ గీసిన రంగుల వలయాలు చూసి, వాటిని ప్రయోగశాలలో పుట్టించబోయి క్లౌడ్ చాంబర్ (కంటికి కనిపించని కణాల జాడలను మబ్బుగీతల్లా చూపే పరికరం) దాకా వెళ్లాడు; 1927లో నోబెల్ అందుకున్నాడు.

ఆ మబ్బులోనే దిగాల్సి వస్తే, శిఖరం మీది సర్వే స్తంభం నుంచి 231 డిగ్రీల దిక్కుగా 150 మీటర్లు, తర్వాత 282 డిగ్రీలు. మొదటిది కుడివైపు గార్డీలూ గల్లీ (గల్లీ అంటే ఇక్కడ కొండలో నిటారుగా దిగే చీలిక) నుంచి, రెండోది ఎడమవైపు ఫైవ్ ఫింగర్ గల్లీ నుంచి తప్పిస్తాయి. ఇవి మ్యాప్ ఉత్తరాన్ని బట్టి ఇచ్చినవి. అయస్కాంత ఉత్తరానికి తేడా సరిచూసుకోవాలి. 5 డిగ్రీలు తప్పితే 150 మీటర్లకు 13 మీటర్లు, 500 మీటర్లకు 44 మీటర్లు పక్కకు పోతారు. దూరం కొలవడానికి అడుగులే ఆధారం కాబట్టి, వంద మీటర్లకు మీకు ఎన్ని అడుగులు పడతాయో కిందే లెక్కపెట్టి ఉంచుకోండి. దిక్సూచిని ఫోన్ ఉన్న జేబులో పెట్టకండి, చదివేటప్పుడు కూడా దగ్గర ఉంచకండి. ఫోన్‌లోని అయస్కాంతం ముల్లును పక్కకు లాగుతుంది.