తప్పుకోమన్నదీ వాళ్లే, ఎందుకు తప్పుకున్నావన్నదీ వాళ్లే

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ ప్రధాన భూభాగాల్లో కరెంటు పూర్తిగా పోయింది. దానిపై యూరప్ ట్రాన్స్‌మిషన్ నిర్వాహకుల సంఘం తరఫున నిపుణులు అక్టోబరులో ఇచ్చిన నివేదికలో, గ్రిడ్ తడబడినప్పుడు చిన్న జనరేటర్లు ఎప్పుడు విడిపోవాలన్న ఓ పాత తగువును మళ్లీ తోడే వాక్యం ఒకటుంది. పతనానికి ముందు 57 సెకన్లలో పంపిణీ లైన్లకు కలిపిన 208 మెగావాట్ల పవన, సౌర యూనిట్లు గ్రిడ్ నుంచి తప్పుకున్నాయి. అదికాక పంపిణీ నెట్‌వర్కుల నికర లోడు (వాడకంలోంచి స్థానిక ఉత్పత్తి పోగా మిగిలేది) సుమారు 317 మెగావాట్లు పెరిగింది. ఒక మెగావాటు లోపు చిన్న యూనిట్లు ఆగిపోవడం వల్ల కావచ్చు, వాడకమే పెరిగి ఉండవచ్చు, రెండూ కలిసి కావచ్చు అని నివేదికే చెబుతోంది. వాదనలోకి దిగేవాళ్లు మాత్రం ఆ 'కావచ్చు'లన్నీ వదిలేసి, కష్టకాలంలో చిన్న జనరేటర్లు చేతులెత్తేశాయన్న ఒక్క మాటే పట్టుకుంటారు.

అవి ఎందుకు తప్పుకుంటాయి? తప్పుకోవాలన్న షరతు మీదే వాటిని లైనుకు కలపనిచ్చారు గనుక. ఫేజ్ వరుస, వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ (కరెంటు తరంగం సెకనుకు ఎన్నిసార్లు తిరుగుతుందన్నది), తరంగం కోణం గ్రిడ్‌తో సరిచూసుకుని బ్రేకర్ (లైనును కలిపే, విడదీసే స్విచ్) వేయడం ఈ రంగంలో అందరికీ తెలిసిన పనే. దాని మీద ఎవరికీ పేచీ లేదు. ఎప్పుడు విడిపోవాలన్న దగ్గరే అసలు పేచీ.

ఆ లెక్కలో 2003 కీలకమైన ఏడాది. అమెరికాలో అప్పుడొచ్చిన, ఇంజనీర్ల సంఘం ఐఈఈఈ రాసిన 1547 ప్రమాణం చాలా చోట్ల అప్పటికే ఉన్న ఆలోచనను అంకెల్లో బిగించింది. వోల్టేజీ సగం కంటే తగ్గితే 0.16 సెకన్లలో, 88 శాతం కంటే తగ్గితే 2 సెకన్లలో విడిపోవాలి. 60 హెర్ట్జ్ వ్యవస్థలో ఫ్రీక్వెన్సీ 60.5 దాటినా, 30 కిలోవాట్ల లోపు యూనిట్లకు 59.3 కంటే పడినా, 0.16 సెకన్లే గడువు. ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే పంపిణీ లైను) ముక్క గ్రిడ్ నుంచి విడిపోయి జనరేటర్ మీదే నడుస్తుంటే, అంటే ఐలాండింగ్ అయితే, 2 సెకన్లలో పసిగట్టి ఆగిపోవాలి. అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం మరొకటుంది: కలిసే చోట వోల్టేజీని నియంత్రించే పని జనరేటర్ తనంతట తాను చేయకూడదు. కరెంటు ఇవ్వు, మిగతా వాటిలో వేలు పెట్టకు అని దీని సారం.

పంపిణీ సంస్థల వైపు కారణాలు ఉన్నాయి. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీసేశాక లైను చచ్చిందనుకుని లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. కింద ఎక్కడో జనరేటర్ నడుస్తుంటే ప్రాణాలు పోతాయి. లైనులో ఫాల్ట్ వచ్చి ఆగాక, దాన్ని తనంతట తాను తిరిగి కలిపే స్విచ్, అంటే రీక్లోజర్, సెకను లోపే తిరిగి వేసుకుంటుంది. అప్పటికి ఐలాండ్ తరంగం కోణం గ్రిడ్‌తో కలవకుండా జరిగిపోయి ఉంటే, ఆ దెబ్బకు జనరేటర్ షాఫ్టే మెలిపడిపోవచ్చు. చిన్న యూనిట్లు మొత్తం లోడులో ఒకటి రెండు శాతం ఉన్న రోజుల్లో, అనుమానం వస్తే ఆపెయ్ అన్నది చవకైన పరిష్కారమే.

ఆ ఒకటి రెండు శాతం పెరుగుతుందని, పెరిగితే ఏమవుతుందని ఎవరూ లెక్క వేయలేదు. వేయాల్సింది జనరేటర్ యజమాని కాదు, అతని చేతిలో ఉన్నది ఒక ఫీడర్, ఒక రిలే (తేడా పసిగట్టి బ్రేకర్‌ను తెరిచే పరికరం). మొత్తం గ్రిడ్ బొమ్మ కనిపించేది నిబంధన రాసినవాళ్లకే.

లెక్క తప్పిందని తెలియడానికి మూడేళ్లే పట్టింది. 2006 నవంబరు 4 రాత్రి జర్మనీలో ఎమ్స్ నది మీది 380 కేవీ లైనును ఓడ దాటడం కోసం ఆపారు. ఆ తర్వాత యూరప్ గ్రిడ్ మూడు ముక్కలైంది. పశ్చిమ ముక్కలో ఉత్పత్తి చాలక, మామూలుగా 50 ఉండే ఫ్రీక్వెన్సీ 49 హెర్ట్జ్ దాకా పడిపోతుంటే, 49.5 దగ్గర విడిపోయేలా పెట్టిన పవన యూనిట్లు, చిన్న కోజనరేషన్ (కరెంటు, వేడి రెండూ ఇచ్చే) యూనిట్లు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. కరెంటు చాలని చోట మరింత కొరత. ఉత్పత్తి మిగిలిపోయి ఫ్రీక్వెన్సీ పెరిగిన ఈశాన్య ముక్కలో గాలిమరలు ముందు తప్పుకుని, తర్వాత ఎవరూ అడగకుండానే తిరిగి కలిసి పరిస్థితిని ఇంకాస్త చెడగొట్టాయి. ఏ యూనిట్‌లోనూ లోపం లేదు. అన్నీ తమకిచ్చిన సెట్టింగు ప్రకారమే నడిచాయి.

ఇలాంటి సెట్టింగే జర్మనీ సౌర ఇన్వర్టర్లకూ (ప్యానెల్ కరెంటును గ్రిడ్‌కు సరిపడేలా మార్చేవి) ఉండేది: 50.2 హెర్ట్జ్ పరిమితి. అది దాటితే 0.2 సెకన్లలో ఆగాల్సి వచ్చేది, అదీ అన్నీ ఒకే గీత దగ్గర. 2011 చివరికి అక్కడి సౌర సామర్థ్యం సుమారు 25 గిగావాట్లు. యూరప్ మొత్తానికి తక్షణ ఆదుకోలుగా ఉంచుకునే రిజర్వు 3,000 మెగావాట్లు. ఎండ కాసే మధ్యాహ్నం ఫ్రీక్వెన్సీ 50.2 తాకితే ఏమయ్యేదో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. కొత్త నియమం 50.2 నుంచి 51.5 దాకా హెర్ట్జ్‌కు 40 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గించుకుంటూ రమ్మంది. పాత వాటిలో 10 కిలోవాట్లు దాటినవి మార్చాలని 2012లో చట్టబద్ధంగా ఆదేశించారు. ఖర్చును యజమానుల మీద వేయకుండా నెట్‌వర్క్ చార్జీల్లో సగం, పునరుత్పాదక సర్‌చార్జీలో సగం కలిపారు. నిబంధన రాసింది ఎవరో గుర్తుపెట్టుకున్న అరుదైన సందర్భం అది.

బ్రిటన్‌ది ఇంకా సూక్ష్మమైన కథ. అక్కడ ఐలాండింగ్ పట్టడానికి రెండు రిలేలు వాడేవారు. వోల్టేజీ తరంగం కోణం ఉన్నట్టుండి గెంతితే ట్రిప్ చేసేది వెక్టర్ షిఫ్ట్. ఫ్రీక్వెన్సీ మారే వేగం సెకనుకు 0.125 హెర్ట్జ్ దాటితే ట్రిప్ చేసేది రోకాఫ్. తిరిగే యంత్రాల్లో 200 గిగావాట్-సెకన్ల శక్తి ఉన్న గ్రిడ్‌లో ఒక్కసారిగా 1,000 మెగావాట్లు పోయాయనుకోండి: ఫ్రీక్వెన్సీ పడే వేగం 1000 మెగావాట్లు × 50 హెర్ట్జ్ ÷ (2 × 2,00,000 మెగావాట్-సెకన్లు), అంటే సెకనుకు సరిగ్గా 0.125 హెర్ట్జ్. తిరిగే భారీ యంత్రాలు తగ్గే కొద్దీ ఈ వేగం పెరిగి, మామూలు ప్లాంటు ట్రిప్పే రిలేకు ఐలాండింగ్‌లా కనిపిస్తుంది. 2019 ఆగస్టు 9 సాయంత్రం అదే జరిగింది. 400 కేవీ లైను మీద పిడుగు పడగానే సుమారు 150 మెగావాట్ల చిన్న యూనిట్లు వెక్టర్ షిఫ్ట్ మీద పోయాయి. హార్న్‌సీ సముద్ర పవన క్షేత్రం 737 మెగావాట్లు, లిటిల్ బార్‌ఫర్డ్ ఆవిరి టర్బైన్ 244 మెగావాట్లు పడిపోయేసరికి, రోకాఫ్ మీద ఇంకో 350 దాకా ఊడాయి. ఫ్రీక్వెన్సీ 48.8కి దిగింది, దాదాపు 11 లక్షల మందికి సరఫరా పోయింది.

ఆ తర్వాత వెక్టర్ షిఫ్ట్ తీసేసి, రోకాఫ్‌ను సెకనుకు 1 హెర్ట్జ్‌కు, 0.5 సెకను ఆలస్యంతో మార్చమన్నారు. గడువు 2022 సెప్టెంబరు 1. పని చేయించిన యజమానులకు డబ్బూ చెల్లించారు. కాగితం మీద రిలేలో రెండు అంకెలు మార్చడమే. సైటులో అంత తేలిక కాదు. చాలా చోట్ల రక్షణ రెండు చోట్ల ఉంటుంది: ప్యానెల్‌లో ఇంటర్‌ఫేస్ రిలే, ఇన్వర్టర్ లేదా జెన్‌సెట్ (ఇంజిన్‌తో నడిచే జనరేటర్) కంట్రోలర్ లోపల ఇంకొకటి. బయటిది మార్చి లోపలిది మరిచిపోతే ఇరుకైన పరిమితి ఉన్నదే ముందు ట్రిప్ అవుతుంది. కంట్రోల్ బోర్డు కాలిపోయి కొత్తది వేస్తే ఫ్యాక్టరీ సెట్టింగులతో వస్తుంది. ఆలస్యం పెట్టలేని పాత రిలేను మొత్తంగా మార్చాల్సిందే. రిలేకు కృత్రిమ సంకేతాలిచ్చే ఇంజెక్షన్ కిట్‌తో పరీక్షించి, ట్రిప్ సమయాలు రాసి, పాస్‌వర్డ్ పెట్టి సీలు వేస్తేనే మార్పు జరిగినట్టు.

ఐఈఈఈ 1547 కూడా తన మాటను తానే తిప్పుకుంది. వోల్టేజీ నియంత్రణకు 2014 సవరణ తలుపు తీస్తే, 2018 కూర్పు వోల్టేజీ పడినా నిలబడి ఉండటాన్ని తప్పనిసరి చేసింది. అన్నిటికంటే ఎక్కువ తట్టుకోవాల్సిన మూడో కేటగిరీలో వోల్టేజీ 70-88 శాతం మధ్య ఉంటే 20 సెకన్లు, 50-70 మధ్య అయితే 10 సెకన్లు తట్టుకోవాలి. 2003లో రెండు సెకన్లకే పొమ్మన్నది ఇదే ప్రమాణం.

ఇక స్పెయిన్ విషయానికొస్తే, అక్కడ కొంప ముంచింది ఫ్రీక్వెన్సీ కాదు, వోల్టేజీ పెరుగుదల. పునరుత్పాదక యూనిట్లు స్థిర పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే ఉత్పత్తికీ రియాక్టివ్ పవర్‌కూ (పని చేయకపోయినా వోల్టేజీని పెంచే, తగ్గించే భాగం) నిష్పత్తి మారకుండా నడవాలన్నది అక్కడి 2014 నిబంధన. ఉత్పత్తి తగ్గితే అవి పీల్చుకునే రియాక్టివ్ పవర్ కూడా అంతే తగ్గుతుంది, వోల్టేజీ ఇంకా పైకి లేస్తుంది. లేచిన వోల్టేజీకి రిలేలు ట్రిప్ అవుతాయి. ఈ యూనిట్లు వోల్టేజీని పట్టి ఉంచగలవా అన్నది సాంకేతికంగా పెద్ద ప్రశ్న కాదు, ఇన్వర్టర్లు చాలాకాలంగా ఆ పని చేయగలవు. అడిగినవాళ్లే లేరు. ఘటన తర్వాత, జూన్‌లో, అక్కడి నియంత్రణ సంస్థ దానికి వీలు కల్పించే నిబంధనను ఆమోదించింది.

పంపిణీ సంస్థలకు ఒక న్యాయమైన బాధ మిగిలే ఉంది. జనరేటర్లు ఎక్కువసేపు నిలబడితే ఐలాండింగ్‌ను పట్టడం కష్టమవుతుంది, రీక్లోజర్ మాత్రం ఎప్పటిలాగే సెకను లోపు వేసుకుంటుంది. దానికి మందు కూడా తెలిసిందే: రీక్లోజర్‌కు అవతలి వైపు వోల్టేజీ సెన్సర్ బిగించి, లైను బతికి ఉంటే వేసుకోకుండా అడ్డుకోవాలి. ఆ సెన్సర్ బిగించాల్సింది పంపిణీ సంస్థ స్తంభం మీద. దాని ఖర్చును జనరేటర్ కనెక్షన్ అంచనాలో కలపాలా, లేక నెట్‌వర్క్ ఖర్చులో వేసుకోవాలా అన్నదే ఇక మిగిలిన పేచీ.