మీ నానమ్మ నీళ్లు ఎందుకు చిక్కగా ఉన్నాయంటే

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నోడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "పక్షవాతం వచ్చింది నానమ్మ చేతికీ కాలికీ కదా, నీళ్లలో పొడి కలిపి జావలా ఎందుకిస్తున్నారు? నీళ్లు మింగడం అన్నిటికంటే సులువు కదా?" అన్నాడు. ఫోన్లో తేలే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

సులువు కాదు నాన్నా. గొంతు నెమ్మదించిన మనిషికి అన్నిటికంటే కష్టం నీళ్లే.

మెడ ముందు వైపు రెండు వేళ్లు ఆనించి ఒక్క గుటక వేయండి. గట్టి ముడి ఒకటి పైకి లేచి దిగింది కదా? అది స్వరపేటిక. అది లేచే ఆ క్షణంలోనే స్వరతంత్రులు దగ్గరికి మూసుకుంటాయి, మీ సైన్సు పుస్తకంలోని ఉపజిహ్విక మూతలా వాయునాళం మీదికి వాలుతుంది, ఊపిరి ఆగుతుంది, ఆహారవాహిక పైనున్న కండరం వదులై దారి ఇస్తుంది. ఇదంతా దాదాపు ఒక్క సెకను పని. ఆ తర్వాత కడుపు దాకా ఉన్న పాతిక సెంటీమీటర్ల ప్రయాణం నింపాదిగా సాగుతుంది, దాని గురించి ఇప్పుడు మనకు బెంగ లేదు.

మీ నానమ్మకు ఆ ఒక్క సెకనులోనే తేడా వచ్చింది. మెదడు ఆజ్ఞ కాస్త ఆలస్యంగా అందుతోంది. నీళ్లు ఆగవు కదా, నాలుక మీంచి జారి, తలుపు పడకముందే వాయునాళంలోకి దిగుతాయి. చిక్కటివి మెల్లగా వస్తాయి, గొంతుకి వ్యవధి దొరుకుతుంది.

మనకు పొలమారితే "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ నెత్తి మీద తడతారు. తలుచుకోవడం సంగతి ఎలా ఉన్నా ఆ దగ్గు మాత్రం మన కాపలాదారు, తప్పుదారి పట్టినదాన్ని బయటికి నెట్టేస్తుంది. అసలు భయం దగ్గు రానివాళ్లతోనే. గొంతులో స్పర్శ మొద్దుబారితే నీళ్లు ఊపిరితిత్తుల దాకా వెళ్లినా తెలియదు. తర్వాతెప్పుడో జ్వరం, న్యుమోనియా. అందుకే "దగ్గట్లేదుగా, బాగానే మింగుతోంది" అని చుట్టాలు అంటే నేను ఒప్పుకోను.

ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు వచ్చింది. మాటలు నేర్పేవాళ్లకి మింగడంతో పనేంటని నేనూ అనుకున్నాను. మాటకీ మింగడానికీ వాడేది చాలావరకు అవే కండరాలు, అవే నరాలు. ఆ అమ్మాయి ముందు నోరు తెరిపించి చూసింది, నాలుక అటూ ఇటూ కదిలించమంది, చెంచాడు నీళ్లు పోసి "ఆ..." అనమంది. గొంతు గరగరా తడిగా పలికింది. దగ్గు లేదు. దాంతో అనుమానం వచ్చి వీడియో ఫ్లోరోస్కోపీకి పంపారు. ఎక్స్‌రేలో కనబడేలా బేరియం కలిపిన నీళ్లూ జావా మింగిస్తూ, లోపల జరిగేది కదిలే బొమ్మగా చూస్తారు. మీ నానమ్మ అంత టెన్షన్‌లోనూ "ఇందులో ఉప్పేదీ?" అని అడిగింది. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూసే పరీక్ష ఇంకొకటుంది, దానికి ఎక్స్‌రే అక్కర్లేదు, మంచం దగ్గరే చేయొచ్చు.

తెర మీద పలచటి నీళ్లు స్వరతంత్రుల కిందికి జారడం నేనూ చూశాను. చిక్కటివి జారలేదు. ఏది తప్పుతోందో చెప్పి వదిలేయకుండా, ఏది ఎలా ఇస్తే క్షేమమో కూడా వెతకడం ఈ పరీక్షలో నాకు నచ్చింది.

ఎంత చిక్కగా ఉండాలో కూడా లెక్కుంది. 0 నుంచి 7 దాకా అంచెలు, 0 అంటే మామూలు నీళ్లు, మన నానమ్మది 2. సూది లేని 10 ఎం.ఎల్. సిరంజి నింపి 10 సెకన్లు కారనిస్తే, లోపల 4 నుంచి 8 ఎం.ఎల్. మిగలాలి. మామూలు నీళ్లయితే దాదాపు అన్నీ కారిపోతాయి. సెలవులకొచ్చినప్పుడు మజ్జిగతో చేసి చూద్దాం. పొడి కలిపినవి రుచించక మనుషులు తాగడమే తగ్గించేస్తారు, అదో చిక్కు. గంట గంటకీ గ్లాసు పట్టుకుని వెంటపడేది నేనే.

ఈ ఇబ్బంది ముసలివాళ్లదే అనుకోకండి. పాలు తాగే పసిబిడ్డ చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం వరసగా కుదుర్చుకోవాలి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, అంగిలి చీలిన పిల్లలకు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు లోపం వల్ల కండరాల అదుపు తప్పడం) ఉన్నవాళ్లకు అది కుదరడం కష్టం. పాలు తాగడానికి అరగంట దాటినా, ముక్కులోంచి పాలొస్తున్నా, బరువు పెరగకపోయినా, మాటిమాటికీ న్యుమోనియా వస్తున్నా చూపించాలి. ఏడ్చే బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు నొక్కి ఉగ్గుగిన్నెతో పోసే అలవాటుంది చూశారూ, అది నాకు బొత్తిగా గిట్టదు. ఏడుస్తూ ఊపిరి లాగేటప్పుడు పాలు ఎటు పోతాయో మీకిప్పుడు తెలుసు.

మీరు వచ్చాక, నానమ్మ తినేటప్పుడు నవ్వించొద్దు, టీవీ పెట్టొద్దు. నిటారుగా కూర్చోవాలి, తిన్నాక అరగంట పడుకోకూడదు, నోరు శుభ్రంగా కడగాలి. పలచటి మజ్జిగన్నం కూడా వద్దు, మెతుకూ నీళ్లూ ఒకేసారి వస్తే సంభాళించుకోవడం ఆమెకు కష్టం. దాహం అంటే జాలిపడి మీ సీసాలోని నీళ్లు మాత్రం ఇవ్వకండి, నన్ను పిలవండి. వచ్చే నెల మళ్లీ పరీక్ష ఉంది. చాలామందికి కొన్ని వారాల్లో మెరుగవుతుందట, పొడి మానేయమన్నా అనొచ్చు.

మీ తాతయ్య